పాలు విరిగిన నాటి కాఫీ

నా చిన్నప్పుడు మేం సౌదీలో, రాబిగ్‌లో ఉండేవాళ్లం. నాన్న రిఫైనరీలో పనిచేసేవారు. ఆయన డ్యూటీకి వెళ్తే మా అమ్మకి మాట్లాడే మనిషే కరువు. గోదావరి జిల్లాలో పేరంటం పేరుతో వీధంతా చుట్టొచ్చిన మనిషి, అక్కడ గోడలతో కబుర్లు చెప్పుకునేది.

ఒకరోజు పక్క క్వార్టర్లో కొత్తగా దిగిన కొలంబియా ఆంటీ మా తలుపు తట్టింది. చేతిలో వాళ్ల దేశంలో ఊయిలా అనే కొండప్రాంతంలో పండిన గింజల కాఫీపొడి. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఆ పొడితోనే కాఫీ పెడదామని డబ్బా తెరిస్తే పంచదార లేదు!

“నా బుర్ర తగలెయ్య! తొలిసారి గడప తొక్కిన మనిషికి చప్పిడి కాఫీ ఇస్తానా? మళ్లీ మనింటి మొహం చూస్తారటే ఆవిడ?” అంది నాతో. అప్పట్లో మగతోడు లేకుండా ఆడవాళ్లం బకాలాకి, అంటే అక్కడి కిరాణా కొట్టుకి, వెళ్లే అలవాటు లేదు. ఆ కంగారులో, పొయ్యిమీద మరుగుతున్న పాలలోనే అనకాపల్లి బెల్లం పడేసింది. పాలు దించి, కాస్త చల్లారాక వెయ్యాలని ఎవరికి తెలియదు? పాలు కాస్తా విరిగి కూర్చున్నాయి. ఇంట్లో ఉన్న పాలు అవే.

ఇక చేసేదిలేక నీళ్లలో బెల్లం మరిగించి, పొడి వేసి, వడగట్టింది. రుచి చూసి, “పుల్లగా ఉందేమిటే, నారింజతొన నమిలినట్టు?” అని గొణిగింది. కప్పు అందించి, సిగ్గుతో తల దించుకుంది పాపం.

ఆంటీ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. తర్వాత పకపకా నవ్వుతూ అమ్మ చేతులు రెండూ పట్టేసుకుంది. “మా అమ్మ కూడా కాఫీతోటకి వెళ్లేముందు ఇలాగే బెల్లంనీళ్లలో కాఫీ పెడుతుంది. ఆ పులుపే మా కొండల రుచి. మీ అమ్మకి ఎవరు నేర్పారు?” అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో చెప్పేసరికి అమ్మ, “వాళ్లూ బెల్లం వండుకుంటారటే!” అని నోరు తెరిచింది. నాన్న ఇంటికొచ్చేసరికి ఇద్దరూ వంటింట్లో చేరి, విరిగిన పాలని కోవాలా దగ్గరపెడుతూ ఒకటే నవ్వులు. ఒకరి భాష ఒకరికి రాదన్న సంగతే మరిచిపోయారు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఇంటికి ఎవరైనా వస్తే, లేనిదాని కోసం కంగారుపడను. ఉన్నదే చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటాను. వాళ్ల మొహంలోకి మాత్రం తప్పకుండా చూస్తాను. ఆనాడు అమ్మ తల దించుకుని చూడని ఆ సంతోషం ఎప్పుడు విరుస్తుందో, చూస్తేనే కదా తెలిసేది!