నిలబడే ఉండు

ఆరోగ్యమ్మకు ఒంట్లో సత్తువ ఉడిగినా నోటి దూకుడు తగ్గలేదు. కరణానికి కూడా జంకని ఆ మనిషి, కడుపుతో ఉన్న ఆడది మిరపకాయల కల్లంలో కూర్చుంటే మాత్రం వణికిపోతుంది.

యుద్ధకాలంలో, కిరసనాయిలు దొరకని ఏడు, నలభై దాటాక ఆమెకు నెల తప్పింది. అప్పటికే కూతురు కృపావరం పురిటికి గురజాల నుంచి వచ్చి ఉంది. తల్లీకూతుళ్ళు ఒకే పురిటి మంచం ఎక్కుతారా ఏంది అని ఊరు నవ్వుతుందని, తనకు ముట్లుడిగాయని అందరికీ అబద్ధం చెప్పింది.

ఒక మధ్యాహ్నం కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే కడుపులో మెలిపెట్టింది. కింద చీర తడిసింది. ఎదురుగా నిండు చూలాలు కృపావరం. ఈ నెత్తురు చూసి బెదిరితే దాని బిడ్డ కూడా దక్కదేమో! ఆరోగ్యమ్మ మరక కనపడకుండా కూర్చున్న చోటే ఉండిపోయింది.

"లేవ్వే అమ్మా, అన్నానికి పోదాం."

"ఇద్దరి తిండి నీది, నువ్వు పో. నాకాకలి లేదు."

కూతురు సణుక్కుంటూ పోయింది. అక్కడే కాయలు ఏరుతున్న పక్కింటి చాంద్ బీ ఆరోగ్యమ్మ ముఖం చూసి, తను కప్పుకున్న దుప్పటి చుట్టి లేపింది. కడుపు పోయింది. కృపావరానికి నేటికీ తెలియదు.

ఆనాడు కృపావరం కడుపులో ఉన్న పిల్లే రాహేలు. ఇప్పుడు తనూ కడుపుతో వచ్చి అదే కల్లంలో చతికిలబడింది.

"లెగవే!" ముసలమ్మ అరిచింది.

"ఏందే అవ్వా, కాయలు తొక్కానా?"

"ముందు లెగు. వెనక్కి తిరుగు."

రాహేలు నవ్వుతూ తిరిగింది. చీరకు మరకేమీ లేదు. అయినా ఆరోగ్యమ్మ చేత్తో తడిమి చూసింది.

"ఇంక కూర్చోమాక," అంది.