‘దేర్‌ఫోర్’ పక్కన కామా పెట్టిన మేడమ్

మా ఇంగ్లిష్ మేడమ్ మొన్న ఆదివారం పొద్దున పంజాగుట్టలో తన ఇంట్లోనే పోయారు. వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. బట్టలు ఆరేస్తున్నదాన్ని, తడి చున్నీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల మధ్య, మూడో అంతస్తులో ఒక్క గది ఆమె క్లాసు. మా నాన్న మగ్గం వదిలి సిటీకొచ్చి టైలరింగ్ పెట్టుకున్నాడు. నాకు సోమాజిగూడలో ఆఫీసు ఉద్యోగం దొరికింది గాని, ఇంగ్లిష్‌లో లెటర్ రాయాలంటే చెమటలు పట్టేవి. సాయంత్రాలు ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని.

వాక్యాలను కలిపే మాటల దగ్గరే ఆమె పట్టుదలంతా. ‘హవెవర్’తో మొదలుపెట్టి కామా వేయకపోతే కాగితం తిరిగిచ్చేసేవారు. ‘బట్’ తర్వాత ఊరికే వేసినా అంతే. “పులుసులో ఉప్పులా చల్లేస్తావేంటమ్మా?” అనేవారు.

ఒకరోజు ఏడుస్తూ వెళ్లాను. నేను చేసిన రిపోర్టును మా మేనేజర్ తన పేరుతో పంపుకున్నాడు. రాజీనామా రాసి పట్టుకెళ్లాను. ‘దేర్‌ఫోర్ ఐ రిజైన్’ అని ఒకటే లైను. మేడమ్ చదివి, దేర్‌ఫోర్ పక్కన కామా పెట్టారు.

“అందుచేత అన్నావు. ఎందుచేత? పైన ఏమీ లేదేంటి?”

“ఏం రాయాలె మేడమ్? ఆఫీసుల అందరికీ ఎరికే గదా.”

“నువ్వు చెప్పందే ఎవరికి తెలుస్తుందమ్మా? రాయి.”

జరిగిందంతా రాశాను. పేజీన్నర అయింది. మళ్లీ దేర్‌ఫోర్ దాకా వచ్చేసరికి రాజీనామా అని రాయబుద్ధి కాలేదు. రిపోర్టు మీద నా పేరుండాలని రాశాను. పై అధికారికి పంపాను. వారం తిరక్కుండా పేరు వచ్చింది. ఇప్పుడు ఆ సెక్షన్ నేనే చూస్తున్నాను.

ఆ తర్వాత వెళ్లడం తగ్గిపోయింది. రోజూ పంజాగుట్ట మీదుగానే పోతూ, వచ్చేవారం దిగుదాంలే అనుకునేదాన్ని. అలా పోగొట్టుకున్న వారాల్లో ఒక్కటి దొరికినా చాలనిపిస్తోంది.

పక్షవాతమని తెలిసి పోయిన నెల వెళ్లాను. మాట పడిపోయింది. ఆమెకు వినిపిద్దామని, నేను రాసిన లెటర్ ఒకటి ఫోన్‌లో తీసి చదివాను. కంగారులో ‘మోర్‌ఓవర్’ పక్కన కామా దగ్గర ఆగకుండా దాటేశాను. దుప్పటి మీద ఆమె చూపుడువేలు పైకి లేచింది. వెనక్కొచ్చి మళ్లీ చదివాను, ఈసారి ఆగాను. ఆమె కళ్లు నవ్వాయి. వేలు మాత్రం దించలేదు, నేను తర్వాతి లైను ఎలా చదువుతానో అని.