ఆ రోజు బ్రేకు తొక్కిందెవరు?

మా వీధిలో ఎవరింట్లోనైనా దయ్యం మాట వస్తే ముందు నవ్వేది నేనే. తెనాలిలో నాకు మోటారు పంపుల విడిభాగాల కొట్టు ఉంది. పంపు ఆగిపోయిందంటే దానికో కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది. లోకమంతా అంతేనని నా లెక్క. అమావాస్య నాడు బండి తీయకూడదనే వాళ్లతో పనిగట్టుకుని వాదన పెట్టుకున్న మనిషిని. అలాంటి నేను ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా బాబాయిది రేపల్లె దగ్గర పల్లె. ఆయనకో పాత జీపు ఉండేది, నాలుగు చక్రాలూ లాగే రకం. వానాకాలంలో ట్రాక్టర్లు దిగబడే కాలవగట్ల మీద కూడా ఎరువు బస్తాలు వేసుకుని తాపీగా వెళ్లిపోయేది. దాని మీద ఏ మెకానిక్కునూ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు బాబాయి. అన్నీ ఆయనా, నేనూ చేసుకునేవాళ్లం. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పిందే ఆయన.

ఒక పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే పెడల్ మెత్తబడిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్‌ని నాలుగుసార్లు తొక్కి, నొక్కి పట్టుకోవాలి. రెండో మనిషి చక్రం పక్కన పడుకుని అక్కడుండే చిన్న మర విప్పాలి. ఆయిల్‌తో పాటు గాలి బుడగలు కింద పెట్టిన సీసాలోకి వస్తాయి. మర మళ్లీ బిగించేదాకా పైనున్న మనిషి కాలు తీయకూడదు.

బాబాయి జీపు పెట్టే షెడ్డు పక్కనే రైసు మిల్లు. గొంతు చించుకున్నా మాట వినపడదు. అందుకని ఆయనో పద్ధతి పెట్టాడు. కుడికాలితో పెడల్ నొక్కి పట్టుకున్నాక, ఎడమ మడమతో కింద రేకు మీద టక్కున కొట్టేవాడు. అది వినపడితే నేను మర విప్పాలి. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికైనా చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆయనకి షుగరు ముదిరి ఆ మధ్య కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. "కళ్ల ముందుంటే చూడలేనురా, తీసుకుపో" అని జీపు నాకు ఇచ్చేశాడు. తర్వాత ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కొన్నాళ్లకి ఒకే ఒక్కటి అడిగాడు, తన జీపులో కూర్చోబెట్టి సూర్యలంక తీసుకెళ్లి సముద్రం చూపించమని. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. సోమవారం వస్తానని చెప్పేశాను.

తీరా చూస్తే వెనక చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ కారుతోంది. లోపలి రబ్బర్లు నేనే మార్చాను. ఇక గాలి తీయడమే మిగిలింది. ఈ పని పెట్టుకున్నానని బాబాయికి చెప్పలేదు. చెబితే ఫోన్లోనే నా ప్రాణం తోడేస్తాడు.

ఆదివారం, టిఫిన్లయ్యాక, మా ఇంటి ఆవరణలోనే పని మొదలుపెట్టాను. మంచి ఎండ. మా ఆవిడ పద్మని పెడల్ దగ్గర కూర్చోబెట్టాను. ఆమెకి వంటింట్లో పని ఉంది, సణుగుతూనే తొక్కింది. తొక్కిన ప్రతిసారీ "తొక్కానండీ" అని అరిచింది. వెనక చక్రాలు అయిపోయాయి. నేను ముందు ఎడమ చక్రం పక్కన దూరాను. అక్కడ మర బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టి కదిలించాను. అప్పుడు "తొక్కు" అన్నాను.

పెడల్ చకచకా కదిలింది. తర్వాత నా తలపైన రేకు మీద టక్కుమంది.

చేతికి అలవాటే కదా, వెంటనే మర విప్పాను. బుడగలు బుసబుసా వచ్చాయి. బిగించాను. మళ్లీ తొక్కిన చప్పుడు, మళ్లీ టక్కు. పద్మ ఇంత బాగా ఎప్పుడు నేర్చుకుందా అనుకున్నానే కానీ ఇంకేమీ తట్టలేదు. బుడగలు ఆగిపోయాయి. మర గట్టిగా బిగించి "చాలు, వదిలెయ్" అన్నాను.

వదల్లేదు. ఇంకా తొక్కుతున్నట్టు పైన పెడల్ కిర్రుమంది. "చాలు, వదిలెయ్" అని మళ్లీ అరిచాను. చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టం నా కళ్ల ముందే బుడగలా ఉబ్బి ఫట్టున పగిలింది. ఆయిల్ మొహం నిండా కొట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేమైనా పిచ్చా, ఎవరు తొక్కమన్నారు అంతలా?" అని తిడుతూ బయటికి పాక్కుంటూ వచ్చాను.

సీట్లో ఎవరూ లేరు.

పద్మ గేటు దగ్గర ఆకుకూరలమ్మే ఆమె బుట్ట ముందు కూర్చుని గోంగూర ఏరుకుంటోంది. "ఎవర్ని తిడుతున్నారండీ? మీరు ముందు చక్రం కిందకి దూరినప్పుడే దిగాను. చెప్పాను కదా, ఆమె వెళ్లిపోతుందని" అంది. సుత్తి చప్పుడులో నేను విని ఉండను. ఆకుకూరలమ్మే ఆమె కూడా "అమ్మగారు ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నారండి" అంది. మా ఆవరణకి ఉన్నది ఆ ఒక్క గేటే.

అయినా మొండిగా కారణం వెతికాను. ఆ పెడల్ దానంతట అది దిగేది కాదు, స్ప్రింగు గట్టిది. సీసాలో బుడగలతో వచ్చిన ఆయిల్ అలాగే ఉంది. పగిలిన గొట్టం విప్పి చాకుతో గీకి చూశాను. లోపల రబ్బరు నిలువునా పగుళ్లిచ్చి ఉంది. ప్రతి దసరాకీ ఆయుధ పూజకి ముందు జీపు కిందంతా నల్లరంగు కొట్టడం బాబాయి అలవాటు. మొన్న దసరాకి నేనూ కొట్టాను. ఇనుమని లేదు, రబ్బరని లేదు, బ్రష్షు తగిలిన చోటల్లా రంగే. పగుళ్లన్నీ ఆ రంగు కింద దాక్కున్నాయి. మిగతా గొట్టాలు గీకితే అవీ అంతే. మర్నాడు ఆ బండిలోనే నేను కాలు లేని మనిషిని కాలవగట్టు మీద తీసుకెళ్లబోయాను.

రేపు రాలేనని చెప్పడానికి రేపల్లె ఫోన్ చేశాను. పిన్ని ఎత్తింది. నన్ను మాట్లాడనివ్వకుండా తనే మొదలుపెట్టింది.

"మీ బాబాయి వాలకం ఏం బాలేదురా. టిఫిన్ తిని కునుకు తీస్తూ ఏంటో కలవరింతలు. లేని కాలు పీకేస్తోందంటారు. ఆ తొడ కిందకి నొక్కుతూ, రెండో కాలి మడమతో మంచం పట్టె మీద టక్కుటక్కున కొడుతున్నారు. పట్టుకున్నాను విప్పరా, పట్టుకున్నాను విప్పరా అని ఒకటే గోల. ఏంటిరా విప్పాల్సింది?"

బండికి పని ఉంది, వచ్చే వారం వస్తానని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను.

తీసేసిన కాలు నొప్పి పెట్టినట్టు అనిపించడం మామూలేనని డాక్టరుగారు ముందే చెప్పారు. అది నేను ఒప్పుకుంటాను. కానీ రేపల్లెలో పడుకున్న మనిషి తెనాలిలో పెడల్ తొక్కడం ఏ డాక్టరు చెప్తాడు?

గొట్టాలన్నీ కొత్తవి వేశాను. ఈసారి గాలి తీస్తున్నంతసేపూ పద్మని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమన్నాను. ఆమె నన్ను, నా జీపుని, మా వంశాన్ని కలిపి ఏకిపారేసింది. అంత హాయిగా తిట్లు నేనెప్పుడూ వినలేదు. జరిగిన సంగతి మాత్రం బాబాయికి గానీ పిన్నికి గానీ చెప్పలేదు. పద్మ చేత కూడా ఒట్టు వేయించాను.

తర్వాతి వారం బాబాయిని జీపులో నా పక్కన కూర్చోబెట్టుకున్నాం. పిన్ని, పద్మ వెనక కూర్చున్నారు. బాపట్ల వెళ్లే దారిలో కాలవగట్టు మీంచి కిందికి దిగుతుంటే, గడ్డివాముల చాటునుంచి గేదెల మంద అడ్డంగా వచ్చేసింది. బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. ఎడమ పక్క కాలవ నిండుగా పారుతోంది. జీపు గేదెల ముందు కదలకుండా ఆగింది.

బాబాయి చెయ్యి తన కుడి తొడ మీద ఉంది. గేదెలు దాటేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే అన్నాడు:

"చాలు, వదిలెయ్ అని రెండుసార్లు అరిచావు చూడు. నేను వదిలేసుంటే ఇవాళ ఏమయ్యేదిరా?"

వెనక పిన్నికి అర్థం కాలేదు. పద్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

ఆ రోజు ఆయన సముద్రం చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. తర్వాత చాలాసార్లు అడిగాను. అలా అన్నట్టే గుర్తులేదంటాడు. నేను ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. ఇది దయ్యం కాదు కూడా, మనిషి బతికే ఉన్నాడు. మరి ఇదేంటో నాకు తెలియదు. విప్పి చూడటానికి ఇందులో మర ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు.