వడియాల రోజు కొలిచిన వాన

నిన్న మన వాట్సాప్ గ్రూపులో నా పేరుతో వచ్చిన మెసేజ్ చూసి అందరూ నవ్వుకున్నారు కదా? అది రాసింది నేను కాదండీ! ముందు టీ తాగండి, జరిగింది చెప్తాను.

నా పిచ్చి మీకు తెలిసిందే. తిరుత్తణిలో మా మిద్దె మీద ఒక సీసా, దాని మీద గరాటు, పక్కన స్కేలు. నీడపట్టున ఒక థర్మామీటరు. రోజూ పొద్దున తిరువళ్ళూరు ఫ్యాక్టరీకి లోకల్ ట్రైన్ ఎక్కే ముందు రెండూ చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నెలాఖరుకి ఎండ మామూలుకంటే ఎంత, వాన మామూలుకంటే ఎంత అని గ్రూపులో పెడతాను. మీరు బొటనవేలి బొమ్మలు పెడతారు. వాటికే నేను పొంగిపోతాను, ఏం చెయ్యను!

ఏప్రిల్‌లో ఒక శనివారం సాయంత్రం మా ఆవిడ రేవతి అడిగింది.

"ఏమయ్యా, రేపు వడియాలు పెట్టాల. వాన వస్తాదా?"

వాళ్ళక్క కూతురు అమ్ములుకి ఏడో నెల. ఆరంబాక్కంలో గురువారం వళైకాప్పు, అదే, గాజులు తొడిగే పండగ. ఏ స్వీటు తెచ్చినా ముఖం తిప్పుకునే ఆ పిల్ల, పిన్ని చేతి వడియాలు మాత్రం కావాలని నోరు తెరిచి అడిగింది. కడుపుతో ఉన్న పిల్ల అడిగితే కాదంటామా?

నేను దర్జాగా నోట్‌బుక్ తెరిచాను. "ఏప్రిల్‌లో మనకి వాన యాడుంది రేవతీ? ఇదిగో, అన్నీ సున్నాలే!"

"సరి, నీ మాట మీద పెడతా ఉండా."

ఆదివారం తెల్లారకముందే లేచి పిండి ఉడికించింది. మిద్దె మీద మంచం వేసి, పాత పంచె పరిచి, వరసగా వడియాలు పెట్టింది. నన్ను కాపలా కూర్చోబెట్టి, "గాజుల అంగడికి పోయొస్తా. కాకులు జాగర్త" అని వెళ్ళింది.

కాకులు రాలేదు. మధ్యాహ్నానికి నగరి కొండల దిక్కు నుంచి ఒక మబ్బు వచ్చింది. ఎంత అందంగా ఉందంటే... నేరేడుపండు రంగు, అంచుకి మాత్రం వెలుగు. అప్పటిదాకా మండిన మిద్దె మీద చల్లగాలి తిరిగింది. మా ఊరి గుడి కొండ మెల్లగా మసకలోకి వెళ్ళిపోయింది. ఎక్కడో తడిసిన మన్ను వాసన. నేనెక్కడున్నానో, ఎందుకున్నానో మర్చిపోయాను. ఎప్పుడూ సున్నా ఉండే గడిలో ఈసారి అంకె రాస్తానే అని ఒళ్ళు పులకరించింది!

మొదటి చినుకు పడగానే లేచాను. లేచి ఏం చేశాను? మంచాన్ని పక్కకి లాగాను. వడియాల కోసం కాదండీ! మంచం మీద పడ్డ చినుకులు చింది సీసాలో పడితే లెక్క తప్పుతుందని!

తర్వాత దంచికొట్టింది. నేను తడిసి ముద్దయి, సీసా ముందు గొంతుక్కూర్చుని గీత పైకెక్కడం చూస్తున్నాను. అంత సుఖంగా నేనెప్పుడూ లేను, నిజం.

"ఓ మనిషీ!"

వెనక్కి తిరిగితే రేవతి. చేతిలో గాజుల సంచి. మంచం మీద వడియాల్లేవు, గంజి ఉంది.

"చూడు రేవతీ, మామూలుకంటే ఎంత ఎక్కువో!" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆమె గాజుల సంచి కింద పెట్టింది. పంచెను నాలుగు మూలలా పట్టి ఎత్తింది. నేరుగా నా గరాటు మీదికి తెచ్చి, గట్టిగా పిండింది.

"ఇంద. దీన్ని గూడా కొలువు!"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అమ్ములు. స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది.

"చిన్నాయనా, వడియాలు ఎండినాయా?"

ఏం చెప్పను? జరిగింది చెప్పాను. ఆ పిల్ల చిన్న గొంతుతో, "పరవాలేదులే చిన్నాయనా" అంది. తిట్టినా బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

సోమ, మంగళవారాలు సెలవు పెట్టాను. పిండి నేనే ఉడికించి కలిపాను, చేతులు బొబ్బలెక్కాయి. రెండు రోజులు మిద్దె మీదే కాపలా. మబ్బు వంక చూస్తే ఒట్టు! గురువారం అమ్ములు గాజుల చేత్తో వడియం కొరికితే, ఆ కరకర శబ్దానికి నా ప్రాణం లేచొచ్చింది.

నిన్న నెలాఖరు మెసేజ్ రాయబోతే రేవతి ఫోన్ లాక్కుంది. "ఈ నెల లెక్క నేను రాస్తా" అని తనే పెట్టింది: "ఎండ మామూలే. వాన మామూలుకంటే ఎక్కువ. మా ఇంటాయన బుద్ధి మామూలుకంటే తక్కువ."

దానికి నూరు బొటనవేళ్ళా! నా వానకి ఒక్కసారైనా అన్ని పెట్టారా అండీ మీరు?