షాహెదా పేరు ఎవరి చేతిలో ఉంది

2023 ఏప్రిల్. హనుమకొండలో మాది చిన్న ఆఫీసు. బట్టల షాపులకూ, ఇంట్లో వండి అమ్మేవాళ్లకూ వెబ్‌సైట్లు తయారుచేయడం, ఆన్‌లైన్‌లో ప్రకటనలు నడపడం మా పని. మామిడికాయ దిగే రోజులు కావడంతో తొక్కులు పెట్టేవాళ్ల ఫోన్లు ఆగడం లేదు.

అలాంటి ఒక పొద్దున వర్ధన్నపేట నుంచి షాహెదా వచ్చింది. తన పేరుతోనే వెబ్‌సైటు పెట్టుకుని కొన్నేళ్లుగా మామిడికాయ తొక్కు ఊళ్లకు పంపే మనిషి. సంచిలోంచి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. మూత తిప్పగానే పాడైన నూనె కంపు గుప్పుమంది.

“మేడం, ఇది నా తొక్కు కాదు. మడికొండల ఒక అమ్మాయి నా సైట్ల ఆర్డర్ పెడితే ఇది వచ్చిందట. ‘ఏంది ఆంటీ, గిట్ల పంపినవ్’ అని ఫోన్ల లొల్లి పెట్టింది. నేనే పోయి తెచ్చిన. నేను పంపనిది నా పేరు మీద ఎట్ల పోతాంది?”

ఆమె సైటు పేరు కొట్టి చూశాను. తెరుచుకున్నది ఇంకెవరిదో తొక్కుల కంపెనీ. పైన పెద్ద ఫోటో మాత్రం షాహెదాదే, బేసిన్‌లో కారం కలుపుతున్న ఆమె చేతులు.

వెబ్‌సైటు చిరునామాను డొమైన్ అంటాం. ఎవరి మెయిల్‌తో రిజిస్టర్ చేస్తే అది వాళ్ల చేతిలో ఉంటుంది. షాహెదా సైటు చేసిన హైదరాబాద్ ఏజెన్సీ ఆ డొమైన్‌ను తమ మెయిల్ మీద పెట్టుకుంది. సరుకు చేరలేని ఊళ్లలో కూడా ప్రకటనలు వేస్తున్నారని ఆమె వాళ్లతో పని మానేసింది. వాళ్లు ఆ డొమైన్‌ను తమ ఇంకో క్లయింటు సైటుకు రీడైరెక్ట్ చేశారు. అంటే, షాహెదా కోసం వచ్చినవాళ్లను అటు మళ్లించారు.

ఏజెన్సీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. మేనేజర్ తీరిగ్గా మాట్లాడాడు.

“డొమైన్ మాది మేడం. అగ్రిమెంట్ చూసుకోండి.”

“అది మనిషి పేరు. ఆమె వండిందని నమ్మించి వేరేవాళ్ల సరుకు అంటగడుతున్నారు. దీన్ని మోసం అంటారు.”

“షాహెదాలు చాలామంది ఉంటారు కదండీ,” అని నవ్వాడు.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే షాహెదా ఫోన్ లాక్కుంది.

“ఉంటరు బిడ్డా, మస్తుమంది ఉంటరు. మరి ఫోటోల ఆ చేతులెవరియి? ఆ గాజులెవరియి? మీ అమ్మ చేతులు పెట్టుకొని అమ్ము, జర చూద్దాం!”

అవతల ఫోన్ పెట్టేశాడు.

ఆ ఫోటోలు తీసింది షాహెదా కూతురు. అసలు ఫోటోలు ఆమె ఫోన్లోనే ఉన్నాయి. వాటిని జతచేసి, ఆ సైటును తమ కంప్యూటర్లలో ఉంచే హోస్టింగ్ కంపెనీకి కాపీరైట్ ఫిర్యాదు పంపాం. సైబర్ పోలీసులకూ రాసిచ్చాం. ఫోటోలు పోయాయి, రీడైరెక్ట్ ఆగింది. డొమైన్ మాత్రం వాళ్లు వదల్లేదు. దానికోసం కొట్లాడొచ్చు గానీ తేలేసరికి మామిడికాయల కాలం దాటిపోతుందని చెప్పాల్సి వచ్చింది.

“నా పేరు నేనే అడుక్కోవాల్నా?” అంది షాహెదా.

పేరు వెనక ఊరు చేర్చి కొత్త డొమైన్ తీసుకున్నాం. ఆమె మెయిల్, ఆమె ఫోన్‌కే ఓటీపీ. పాస్‌వర్డ్ ఆమె కొడుతుంటే నేను ముఖం తిప్పుకున్నాను. పాత కస్టమర్లందరికీ వాట్సాప్‌లో తన గొంతుతోనే జరిగింది చెప్పి పంపింది. మడికొండ అమ్మాయి దాన్ని తన ఆఫీసువాళ్లకూ పంపింది. కొందరు తిరిగొచ్చారు. చాలామంది రాలేదు. ‘మోసం చేసింది’ అంటూ ఆమె పేరు కింద రాసిన రివ్యూలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ ఏజెన్సీ కూడా బోర్డు తిప్పకుండా హాయిగా నడుస్తోంది.

అప్పటి నుంచి ఎవరొచ్చినా లోగో, రంగులు, రీల్స్ మాట తర్వాత. “మీ డొమైన్ ఎవరి మెయిల్ మీద ఉంది?” అనే మొదట అడుగుతాను. “అవన్నీ వాళ్లే చూసుకుంటరు మేడం” అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ కోపం తన్నుకొస్తుంది. లాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పి, నా ముందే లాగిన్ అవ్వమంటాను. అది తెరుచుకోనిదే పని మొదలుపెట్టను. నాకు పొగరని లేచిపోయినవాళ్లూ ఉన్నారు. పోనీ. ఇంకో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ పేరు నీకు తిరిగి రాదని చెప్పడం నావల్ల కాదు.