అత్తమ్మ కట్టిన దారం

ఆ రోజు పొద్దున, తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టిన బీడీల తునికాకు విప్పుతుంటే కుడిచేతి చూపుడు వేలికి సూది గుచ్చినట్టయింది. గోధుమరంగు సాలీడొకటి చాటలో పడి పాకిపోయింది.

"ఏం కుట్టిందే బిడ్డా?" అంటూ అత్తమ్మ లేచింది. చెప్పగానే, "ఇషం పైకెక్కద్దు, ఉండు," అని బీడీలు కట్టే దారంతోనే వేలి మొదట్లో నాలుగు చుట్లు బిగించి, పైన బీడీల్లో నింపే తంబాకు తడిపి అద్దింది. మా బీడీల ఇళ్లలో ఏది కుట్టినా చేసే వైద్యమే. నేనూ మా కులదైవం మార్కండేయ స్వామిని తలచుకొని ఊరుకున్నాను.

మరునాటికి వేలు వాచి, దారం లోపలికి దిగిపోయింది. మా ఆయన దారాన్ని బ్లేడుతో కోసి తీసి, కుంఠా నాకా చౌరస్తా దగ్గరి క్లినిక్‌కు తీసుకెళ్లాడు.

"ఏమన్నా కట్టిన్రా?" అని డాక్టరు అడిగాడు.

మా వెంట వచ్చిన అత్తమ్మ పక్కనే తలదించుకొని నిలబడింది. ఆమెను నలుగురిలో తిట్టించడం ఇష్టంలేక, "లేదు సార్," అన్నాను. వాపులో దారం గుర్తు ఆయనకు కనబడలేదు. టీటీ ఇంజెక్షన్, యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపాడు.

మూడో రోజుకు వేలు నల్లబడింది, జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వేలు తిప్పి చూసి, "ఇది దారం గుర్తు కదమ్మా?" అన్నారు. అప్పుడు చెప్పాను.

"సాలీడు కాటు చాలావరకు మందులతోనే మానుతుంది. నీకు దారం బిగిసి బ్లడ్ సప్లై ఆగి, వేలి కండ చచ్చిపోయింది. ముందే చెప్తే ఏమన్నా చేసేవాళ్లమేమో."

చచ్చిన కండ కోసి తీసే డిబ్రైడ్‌మెంట్ రెండుసార్లు చేశారు. చివరికి వేలు తీసేశారు.

వార్డులో అత్తమ్మే అన్నం కలిపి తినిపించేది. పక్క బెడ్డు అక్క, "మా అత్తయితే నా బ్రెడ్డు గూడ తిని పోతది. నువ్వు నసీబున్నదానివి," అని నవ్వించబోయింది. అత్తమ్మ నవ్వలేదు.

"నా చేత్తోనే నీ ఏలు తీసిన గదనే," అంది.

"ఆ చేత్తోనే తింటున్న గద అత్తమ్మా," అన్నాను.

గాయం మానింది. ప్రాణం నిలిపిన స్వామికీ, విసుక్కోకుండా డ్రెస్సింగ్ చేసిన సిస్టర్‌కూ రోజూ దండం పెట్టుకుంటాను. ఆకు కత్తిరించగలను, బీడీ చుట్టలేను. అత్తమ్మ మాత్రం మళ్లీ చాట ముందు కూర్చోలేదు. నేను వడ్డిస్తే తింటుంది, నా చేతి వైపు చూడదు.

చదివేవాళ్లకు ఒక్క మాట. ఏది కుట్టినా సబ్బునీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి. ఏమీ కట్టకండి, ఏమీ పూయకండి. పొరపాటున కట్టి ఉంటే డాక్టరుకు దాచకండి. కట్టినవాళ్లు పక్కనే ఉన్నా సరే, చెప్పేయండి.