దశరథన్న కూల్చిన లండన్

లండన్ నగరాన్ని ఎడమ పక్కనుంచి మొత్తం కూలగొట్టిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతను దిల్‌సుఖ్‌నగర్‌లో, మా సందులో, మా కింది వాటాలో కిరాయికి ఉంటాడు. పేరు దశరథ. కరెంటు స్తంభాలు, బస్టాపులు, ఆగి ఉన్న కార్లు, ఒక చర్చి ప్రహరీ. ఎడమవైపు ఉన్నదేదీ వదల్లేదు. కుడివైపు మాత్రం ఒక్క ఆకు రాల్చలేదు. నేను క్లీనర్‌గా పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. నా మాట నమ్మనివాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, వాళ్లలో మా అమ్మ మొదటిది. అయినా ఈ ఒక్క సంగతికి సందంతా సాక్ష్యం.

నా గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. డిగ్రీ రెండో ఏడాదిలో, నాకు నేర్పడానికి కాలేజీ దగ్గర ఇంకేమీ మిగల్లేదని తెలుసుకుని దాన్ని వదిలేశాను. ఆ తర్వాత ఇక్కడి కోచింగ్ సెంటర్లు వంతులేసుకుని నన్ను భరించాయి. అందుచేత మధ్యాహ్నాలు నాకు తీరికే. దశరథన్నకు కూడా తీరికే, కానీ అతని తీరిక వేరు.

అతనిది నకిరేకల్ పక్కన ఊరు. మీసం రాకముందే లారీకి క్లీనర్‌గా ఎక్కాడు, మీసం వచ్చాక స్టీరింగ్ పట్టాడు, చివరికి సాంబమూర్తిగారి ట్రావెల్స్ బస్సులో కుదురుకున్నాడు. ఎల్బీ నగర్ నుంచి విజయవాడ, విజయవాడ నుంచి ఎల్బీ నగర్. ఆ రోడ్డు మీద ఏ గుంత ఏ వానకు పుట్టిందో అతనికి తెలుసని, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక కళ్లు మూసుకుని సూర్యాపేట దాకా లాగించేస్తాడని నేను అందరికీ చెప్పేవాణ్ని.

"గట్ల చెప్పకు తమ్మీ. ఎవలన్న నమ్మితే టికెట్లు క్యాన్సిల్ చేసుకుంటరు" అనేవాడు.

ఎండాకాలంలో ఒక పొద్దున, నోట్లో బ్రష్ పెట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. మాట పోలేదు. కాలు తొందరగానే తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం ఎవరో ఒళ్లో పెట్టి మరిచిపోయిన సంచిలా ఉండిపోయింది.

దవాఖానకు సాంబమూర్తిగారు వచ్చారు. తెనాలి మనిషి. రెండు బస్సులు ఉన్నా అరిగిపోయిన చెప్పులే వేసుకుంటారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, వలిచిన బత్తాయి తొన దశరథన్న కుడిచేతిలో పెట్టారు.

"చూడు దశరథా. దసరా దాకా నీ సీటు నీదే. అప్పటిదాకా రెండో డ్రైవరు తిరుపతితో ఎలాగో నెట్టుకొస్తాను. ఆయుధపూజనాడు మాత్రం బండి నువ్వే తియ్యాలి. చేతికి పట్టు దొరికిందా, సంతోషం. దొరకలేదనుకో, నేనూ ఇంక ఆగలేనయ్యా. ఏవనుకోకు."

"దసరాకు తీస్త సార్" అన్నాడు దశరథన్న.

అప్పటినుంచి ఆ ఇంట్లో బోనాలు లేవు, వినాయకచవితి లేదు. క్యాలెండర్‌లో ఉన్నది దసరా ఒక్కటే.

చెయ్యి కదలడానికి దవాఖానలో ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నారు. అతను దాన్ని రెండుసార్లు పిసికి గోడకేసి కొట్టేవాడు. "బంతి పిసుకుడేందిర నాకు? స్టీరింగ్ ఇయ్యిండ్రి, పడ్తనో లేదో సూడుండ్రి" అన్నాడు ఒకరోజు. అక్కడ పనిచేసింది నా బుర్ర. డాక్టర్లకు రాని ఆలోచన నాకొచ్చింది. "అయితే స్టీరింగే కొందాం వదినా" అన్నాను.

వదిన అంటే అతని భార్య యాదలక్ష్మి. ఇంట్లోనే చీరలకు ఫాల్ కుట్టి పికో చేస్తుంది. వీడియో గేమ్ అనగానే నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ మర్నాడు తనే పిలిచింది. ఇద్దరం మెట్రో స్టేషన్ దగ్గరి షాపుకు వెళ్లాం. ఆటల పెట్టె, దానికి తగిలించే స్టీరింగ్, కింద పెట్టుకునే పెడళ్లు, బస్సులు లారీలు నడిపే ఆట. షాపు కుర్రాడు అన్నీ పేర్చి, నవ్వుతూ అడిగాడు.

"బాబు వయసెంత మేడమ్?"

"యాభైకి దగ్గరవడ్డది. జర మొండోడు, గట్టిది ఇయ్యి" అంది వదిన.

ఇంటికి తెచ్చాక స్టీరింగ్ బిగించడానికి గట్టి బల్ల కావాలి. ఆ ఇంట్లో గట్టిగా ఉన్నది కుట్టుమిషన్ బల్ల ఒక్కటే. దానికే బిగించాం. పెడళ్లు మిషన్ తొక్కుడు పక్కన పెట్టాం. అప్పటినుంచి అన్న బండి నడిపినంతసేపు వదిన చీరలు మంచం మీద కుప్పపడి ఉండేవి. ఆమె ఒక్క మాట అనలేదు.

ఊరికే మొదలుపెట్టడానికి దశరథన్న ఒప్పుకోలేదు. కొత్త బండి కొత్త బండే అన్నాడు. స్టీరింగ్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టారు. గడప బయట కొబ్బరికాయ కొట్టారు. బండికి టైర్లు లేవు కాబట్టి నిమ్మకాయ ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. చివరికి పెడల్ కింద పెట్టాం. అన్న చెప్పులు విడిచి, స్టీరింగ్‌ను తాకి కళ్లకద్దుకుని, పెడల్ తొక్కాడు. నిమ్మకాయ చిట్లి రసం వదిన చీరల మీదకు చిమ్మింది. "మంచి శకునం" అంది వదిన, తుడుచుకుంటూ.

నిజం చెప్పాలంటే ఆ వానాకాలమంతా మా సందుకు పండగే. టీవీలో జర్మనీ రోడ్లు. అన్న నడుపుతుంటే నేను బీరువా తలుపు మీద చరిచి "పోనీ, పోనీ" అనేవాణ్ని. మా పై వాటా వెంకాయమ్మగారు మంచం మీద కూర్చుని, "ఏవండీ, ఇక్కడ కాఫీకి ఆపరా?" అని అడిగేవారు. అన్న నిజంగానే రోడ్డు పక్కకు తీసి ఆపేవాడు. ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్ర లైటు పడితే ఆగేవాడు. ఎదుటి బండి అడ్డమొస్తే హారన్ ఏదని వెతికేవాడు. అది ఏ బటనో చూపించాక ఇంక జర్మనీకి ప్రశాంతత లేదు.

ఎడమ చేతి వేళ్లు మెల్లగా మూసుకోవడం మొదలుపెట్టాయి. ముందు స్టీరింగ్ మీద ఆనించేవాడు. తర్వాత పట్టుకున్నాడు. వినాయకచవితి నాటికి ఆ చేత్తో నా మణికట్టు పట్టుకుని, వదలమని నేను బతిమాలేదాకా ఉంచాడు. వదిన గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఒక్కటే లోపం. ఎదురుగా వచ్చే బండ్లను గుద్దేవాడు. దానికి మా దగ్గర కారణం ఉంది. జర్మనీలో బండ్లు రోడ్డుకు కుడి పక్క నడుస్తాయి, ఎదురు బండ్లు ఎడమనుంచి వస్తాయి. మనది ఎడమ పక్క అలవాటు. గుద్దినప్పుడల్లా సందంతా నవ్వేది. "అన్నను ఏ దేశంల ఇడిసినా చౌటుప్పల్ రోడ్డే అనుకుంటడు" అనేవాణ్ని. అతనూ నవ్వేవాడు. "ఏండ్ల సంది పడ్డ అలవాటు తమ్మీ, గింతల పోతదా?"

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని మేం అసలు లెక్కలోకి తీసుకోలేదు. అన్నకు మామిడికాయ పచ్చడి లేకుండా ముద్ద దిగదు. అలాంటివాడు దవాఖాన నుంచి వచ్చాక పచ్చడి ముట్టడం మానేశాడు. వదిన రోజూ కంచంలో ఎడమ పక్కన వేసేది, అది అలాగే మిగిలేది. ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ చెప్పింది కదా, ఇంట్లో ఎవరూ గుర్తుచెయ్యకుండానే తనంతట తనే ఒగ్గేసిండని వదిన బట్టలిచ్చే ఆడవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది. గడ్డం గీసుకుంటే ఎడమ చెంప మీద సగం వెంట్రుకలు ఉండిపోయేవి. చెయ్యి సరిగా లేదు కదా అనుకున్నాం. నేను అతన్ని 'హాఫ్ టికెట్' అని పిలిచేవాణ్ని.

దసరా ఇంక వారం ఉంది. పరీక్షకు ముందు అన్నకు మన పద్ధతి రోడ్డు అలవాటు చేయాలని, ఆటలో ఇంగ్లండు పెట్టాను. "ఇక్కడ మన లెక్కనే అన్నా, ఎడమ పక్కనే నడుపుతరు. ఇంక నిన్ను ఆపేటోడు లేడు" అన్నాను.

లండన్‌లోకి ప్రవేశించాం. మొదట ఒక స్తంభం. తర్వాత బస్టాపు. తర్వాత వరసగా ఆగి ఉన్న కార్లు, ఒకదాని తర్వాత ఒకటి, పళ్ల చక్రం మీద గొలుసు పోయినట్టు. వెంకాయమ్మగారు మొదట్లో నవ్వారు. చర్చి ప్రహరీ దగ్గరికొచ్చేసరికి గదిలో ఎవరూ నవ్వడం లేదు.

దశరథన్న బండి ఆపాడు. "స్టీరింగ్ ఎడమకు గుంజుతున్నది. అలైన్‌మెంట్ పోయినట్టుంది. నువ్వు నడిపి సూడు" అన్నాడు.

నేను కూర్చుని నడిపాను. నేను మామూలుగా గొప్పలు చెప్పుకునే మనిషినే, కానీ ఆ రోజు తిన్నగా పోతున్న ఆ బస్సును మధ్యలోనే ఆపి లేచాను. స్టీరింగ్‌లో ఏ లోపమూ లేదు.

వదిన అన్నం వడ్డించింది. అన్న ఎప్పటిలాగే తింటున్నాడు, పచ్చడి ఎడమ పక్కన ఎర్రగా ఉంది. ఆమె కాసేపు కంచాన్నే చూసింది. తర్వాత వంగి, కంచం అంచు పట్టుకుని మెల్లగా తిప్పింది. పచ్చడి కుడి పక్కకు వచ్చింది.

అన్న దాన్ని చూశాడు. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇన్ని దినాలు ఏడ దాసినవే?" అన్నాడు.

వదిన కంచం మళ్లీ తిప్పింది. అతను వెతికాడు. మళ్లీ తిప్పింది. అప్పుడు అతనికి అర్థమైంది. చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాడు.

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ అతని ఎదురుగా కూర్చుని, వేళ్లు ఆడిస్తూ ఎన్ని కనిపిస్తున్నాయని అడిగింది. ఎడమవైపు చెయ్యి పెట్టినప్పుడల్లా అతను ఇంకా పెట్టలేదనుకుని ఎదురుచూశాడు. కళ్లకు ఏమీ కాలేదట. దెబ్బ మెదడుకు తగిలిందట. రెండు కళ్లలోనూ ఎడమ సగం పోయింది. తిరిగొస్తుందా అని వదిన అడిగితే, ఇన్ని నెలలైనా రాలేదంటే ఆశ పెట్టుకోవద్దు అంది.

ఇంటికొచ్చాం. ముందు వదినే, చీర అంచు మడతపెడుతూ, తలెత్తకుండా అంది. "సార్ చెయ్యి సూస్తడు. కన్ను సూడడు గద."

నేను వెంటనే అందుకున్నాను. "నేను క్లీనర్‌గ వస్తనన్నా. ఎడమ దిక్కంత నాది. కేక పెడ్త, బండి మీద సరుస్త. క్లీనర్లు చేసేదే గది."

దశరథన్న మిషన్ బల్ల మీది స్టీరింగ్‌ను చూస్తూ ఉన్నాడు. "నేను గూడ క్లీనర్‌గ చేసిన తమ్మీ. క్లీనర్‌కు నిద్రొస్తది" అన్నాడు. అంతకుమించి ఏమీ తేల్చలేదు. ఆయుధపూజకు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు.

ఎల్బీ నగర్‌లో సాంబమూర్తిగారి బస్సులు నిలిపే జాగా బంతిపూలతో నిండిపోయి ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ తయారుగా ఉంది. సాంబమూర్తిగారు అన్న ఎడమ చెయ్యి పట్టుకుని, అతను తిరిగి నొక్కేసరికి "అబ్బో" అన్నారు. "నలిపేశావు కదయ్యా. ఎక్కు, ఎక్కు."

అన్న చెప్పులు విడిచి ఎక్కాడు. స్టీరింగ్‌ను తాకి కళ్లకద్దుకున్నాడు. స్టార్ట్ చేశాడు. బస్సు మొత్తం ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. నేను అతని వెనక నిలబడ్డాను. ఆ క్షణాన అద్దంలో అతని ముఖం చూసినవాళ్లెవరైనా బండి రాసిచ్చేసేవాళ్లే. నిమ్మకాయల మీదుగా బండి ముందుకు పోవడమే మిగిలింది.

"లక్ష్మి ఏది?" అన్నాడు.

"ఎదురుంగనే ఉంది గదన్నా. నీ ఎడమ దిక్కు."

వదిన బస్సు ఎడమ మూలకు ఆనుకున్నంత దగ్గరగా, హారతి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. అతను మెడ తిప్పాడు. ఇంకా తిప్పాడు. మొత్తం ఒళ్లు తిప్పాక ఆమె అతని చూపులోకి వచ్చింది. పళ్లెంలో కర్పూరం వెలుగుతూనే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఇంజన్ ఆపేశాడు. దిగి, తాళం సాంబమూర్తిగారి ముందు చాపాడు.

"అదేవిటయ్యా? చెయ్యి బానే ఉందిగా."

"చెయ్యి మంచిగున్నది సార్. ఎడమ దిక్కు కనవడ్తలేదు."

"కనపడకపోవడవేవిటి?"

"కనవడ్తలేదు. విజయవాడ దాక జనం నిలవడేది ఎడమ దిక్కునే సార్."

సాంబమూర్తిగారు వదినవైపు చూశారు, నావైపు చూశారు. తాళం తీసుకున్నారు. ఏవనుకోకు అని ఈసారి అనలేదు. తిరుపతి వచ్చి, "అన్నా, తియ్యనా?" అని అడిగి, తల వంచుకునే ఎక్కాడు. నిమ్మకాయలు చిట్లాయి. బస్సు పక్కనుంచి పోతుంటే దశరథన్న బాగుపడిన ఎడమ చేత్తో దాని ఒంటి మీద రెండుసార్లు చరిచాడు. చిన్నప్పుడు లారీకి చరిచినట్టే.

ఆటల పెట్టె ఇంకా ఉంది. స్టీరింగ్ ఇంకా కుట్టుమిషన్ బల్లకే ఉంది. పొద్దున టీ తాగాక దశరథన్న చెప్పులు విడిచి కూర్చుంటాడు, ఆటలో బండి స్టార్ట్ చేస్తాడు. కదపడు. షెడ్డులోనే నిలిపి, ఇంజన్ చప్పుడు వింటాడు. టీవీ ఎడమ సగంలో ఏముందో చూడటానికి కూడా ఇప్పుడు మెడ తిప్పడు. కాసేపటికి ఆపేసి లేస్తాడు. అప్పుడు వదిన స్టీరింగ్ విప్పి పక్కన పెట్టి చీరలు మొదలుపెడుతుంది.

ఇదంతా రాసి మొన్న అతనికి చదివి వినిపించాను. లండన్ దగ్గర నవ్వుతాడనుకున్నాను. చివరిదాకా విని, మిషన్ మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు:

"లండన్ గిండన్ ఏం కూలలే. నాకు ఎడమ దిక్కు కనవడలే. గంతే."